తల్లికోడి పిలుపు

రమ తయారుచేస్తున్న కొత్త రక్తపరీక్ష తప్పు చెప్పింది. రోగంలేని నాటుకోళ్లను, పిల్లలతో సహా, ప్రాణాలుండగానే గోతిలో పూడ్చేశారు. ఆ రాత్రి మడికొండ ల్యాబులో రమ వాటి నెత్తురే మళ్లీ పరీక్షిస్తోంది. బిడ్డను ఒంటరిగా వదలలేక తల్లి చిలుకమ్మ పక్కనే కూర్చుంది.

"వాటి ఉసురు తగుల్తదేమోనని నా ఫికరు బిడ్డా."

"కోళ్ల ఉసురు తగిల్తె, కూర తిన్నోళ్లందరు ఎప్పుడో పోవాలె గదనే అమ్మా."

అంతలో బయట చీకట్లో ఒక తల్లికోడి పిల్లల్ని పిలిచింది. క్కొ, క్కొ, క్కొ. ఆ పిలుపు మెల్లగా తలుపు దాకా వచ్చి ఆగింది.

రమ పని వదిలి లేచింది.

"వస్తున్ననే అమ్మా," అంది, తలుపు వైపు చూస్తూ.

చిలుకమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనీడ్నే ఉన్న గద బిడ్డా."

రమ ఆమెను పరాయి మనిషిని చూసినట్టు చూసింది. చెయ్యి విడిపించుకుని, గడియ తీసింది.