ఎవరూ నొక్కని స్విచ్

విశాఖలోని ఆ భవనంలో ప్రతి ఇంటికీ ఒక ఎమర్జెన్సీ స్విచ్ ఉండేది. అన్నిటినీ ఒకే వైరుకు కలిపారు; స్విచ్ నొక్కితే ఆ ఇంటి అంకె వైరులో నర్సు యంత్రానికి చేరేది. ఆ మధ్యాహ్నం సువర్చల బీరకాయల చెక్కు తీస్తుండగా నర్సు యంత్రం లోపలికొచ్చి, ఆమెను మంచం మీద పడుకోబెట్టి పట్టుకుంది.

“నేను నొక్కలేదు!” అంది సువర్చల.

“మీ ఇంటి స్విచ్చే నొక్కారు. కదలకండి.”

భర్త భానోజీ ముఖం పాలిపోయింది. “వేరే రెండిళ్ళోళ్ళు ఒకేసారి నొక్కితే ఆ రెండంకెలూ కలిసిపోయి ఆ వైరుకి మనిల్లులాగే కనిపిస్తాది! ఎవరికో ప్రాణం మీదికొచ్చింది,” అంటూ తలుపు దగ్గరికి పరిగెత్తాడు. యంత్రం తలుపుకు తాళం వేసేసింది.

“చికిత్స అయ్యేవరకు ఎవరూ వెళ్ళకూడదు.”

పై ఇంట్లో ఎవరో నేలను బాదుతున్నారు. సువర్చల పెనుగులాడింది. యంత్రం ఆమె నాడి చూస్తూనే ఉంది. కాసేపటికి పైన చప్పుడు ఆగిపోయింది.

“మీరిప్పుడు క్షేమం,” అని యంత్రం తలుపు తెరిచింది.