సాకేత్‌కి పడని టిఫిను

ఆ రోజుల్లో కాకినాడలో అపార్టుమెంట్ల లిఫ్టులన్నీ జనం సైకిలు తొక్కి పుట్టించే కరెంటుతోనే నడిచేవి. ఇంటికొకరు చొప్పున పొద్దున్నే కిందికి వచ్చి తొక్కాలి.

అరవై దాటిన సాకేత్‌కి ఆ పనంటే సరదా. కానీ కొన్ని రోజులు మాత్రం సైకిలెక్కిన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, దురద ఆగేది కాదు. పాపం, అలాంటప్పుడు ఆయన బదులు భార్య లాస్యే తొక్కేది.

"నా మోకాళ్ళు అరిగిపోతున్నాయండీ," అందామె ఓ రోజు. సాకేత్‌కి సిగ్గేసింది. వెంటనే డాక్టరుకి చెప్పుకున్నాడు.

సాకేత్ చేతికి అతికించిన బిళ్ళ ఆయన తిండీ తిరుగుడూ అంతా డాక్టరుకి చేరవేసేది. అదంతా చూసి డాక్టరు గోడమీది తెరలో నవ్వాడు.

"ఉప్మా తిన్న రోజుల్లోనే మీకిలా అవుతోంది. అందులోని గోధుమరవ్వ తిని వెంటనే ఒళ్ళు వంచితే కొందరికి పడదు. గోధుమ తిన్న పూట తొక్కకండి. తొక్కేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. దురద మొదలైతే దిగిపోండి."

సాకేత్ ముఖం వెలిగిపోయింది.

మర్నాడు తనే పెసరట్లు వేసుకు తిని సైకిలెక్కాడు. ఎంత తొక్కినా ఒక్క దద్దురూ లేవలేదు. పక్కన కుర్చీలో లాస్య కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"నిజం చెప్పండి. ఈ ముప్పై ఏళ్ళలో నా ఉప్మా ఒక్కసారైనా నచ్చిందా?"

సాకేత్ ఇంకా జోరుగా తొక్కాడు. లిఫ్టు రివ్వుమని పై అంతస్తుకి లేచిపోయింది.