మాట సాయం

"నాన్న నోరు జారకపోతే చాలు," అన్నాడు భర్త, మళ్ళీ.

కోడలు హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతోంది, మూస్తోంది. కాలనీ హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

సంగతి చిన్నదే. కాలనీ వెనకాల మామయ్య పొలం. దాన్ని ప్లాట్లు వేసి అమ్ముతానని ఓ వెంచర్ ఆయన దిగాడు. పొలానికి ఉన్నది బండి దారి ఒక్కటే. పెద్ద రోడ్డు కావాలంటే కాలనీ గోడ పగలగొట్టాలి. జనం చేతులెత్తితే రోడ్డు, రోడ్డుంటేనే బేరం. లేదంటే ఆయన దారి ఆయన చూసుకుంటాడు.

భర్తకి ఈ బేరం మీదే ప్రాణం. మొబైల్ షాపు మూతపడింది. జిమ్ మూతపడింది. ఈసారి పెట్టబోయే వ్యాపారానికి మాత్రం ఢోకా లేదట. అదేం వ్యాపారమో ఇంకా తేలలేదు.

"అమ్మేశాక నాన్న హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు," అంటాడు. మామయ్య కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూళ్ళేదు.

ఒక్కగానొక్క కొడుకు తిండి మానేసి అలిగితే ఏ తండ్రి ఆగుతాడు? "నీకు అడ్డు రానురా. మీటింగులో నేనే లేచి చెప్తా, సరేనా?" అన్నాడు మామయ్య. అన్నాడంటే అంతే. మాట తప్పడం ఆయనకి చేతకాదు. మాట్లాడటమూ చేతకాదు, అదే చిక్కు. మొక్కజొన్నతో తప్ప మనుషులతో ఆయనకి పెద్దగా కబుర్లుండవు.

అందుకే భర్త ఆ పని ఆమెకి అప్పజెప్పాడు. "ఆఫీసులో ప్రెజెంటేషన్లు ఇరగదీస్తావుగా. నాన్నకి కాస్త నేర్పించు."

ఇక వారం పొడుగునా, లాగిన్ టైమయ్యేలోపు, పొలంలోనే క్లాసు. ఆయన కలుపు తీస్తూ అప్పజెప్పేవాడు. ఆమె కలుపు తీస్తూ దిద్దేది.

"పార్కు వస్తుందండీ! వాకింగ్ ట్రాక్ వస్తుంది!" ఇప్పుడు హాల్లో వెంచర్ ఆయన తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. ఓ కుటుంబం నవ్వుతూ సైకిళ్ళు తొక్కుతోంది. ఎవరికీ చెమట పట్టట్లేదు.

"నాకు గిరాకీ పెరుగుతుంది. నేను సరే," అంది బేకరీ ఆంటీ.

"నీకు గిరాకీ, మాకు దుమ్మా?" లెక్కల మాస్టారు గయ్యిమన్నాడు.

"తుడుచుకోండి మాస్టారూ! రిటైరయ్యారుగా, ఖాళీయేగా!"

హాలు ఘొల్లుమంది. గాలి ఎటు వీస్తోందో తెలిసిపోయింది. సగానికి పైగా జనం ఆ సైకిళ్ళకి పడిపోయారు. భర్త మొహం విచ్చుకుంది. ఆమె జిప్పు మళ్ళీ లాగింది.

"పొలం ఆయన కూడా ఓ మాట చెప్తే, ఓటింగ్ పెట్టేద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

మామయ్య లేచాడు. కరుస్తుందేమో అన్నట్టు మైకుకి బెత్తెడు దూరంలో ఆగాడు.

"అందరికీ నమస్కారం. ఈ వెంచరు రావాలి. వస్తే మంచిది."

భర్త ఊపిరి పీల్చుకున్నాడు.

"వానొస్తే మీ కాలనీ నీళ్ళన్నీ మా చేలోకే దిగుతాయి. తెల్లారేసరికి చేను తాగేస్తుంది. సిమెంటు తాగదు కదండీ. ఇక మీ నీళ్ళు మీ వీధుల్లోనే ఉంటాయి. ఎవరి సొమ్ము వాళ్ళకి. న్యాయం."

గోడలకి ఆనుకున్నవాళ్ళు నిటారుగా నిలబడ్డారు.

"ఏమంటున్నాడే ఈయన?" భర్త ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపాడు. ఆమె పెదవులు కదిలాయి.

"లారీలంటారా, రెండేళ్ళు తిరుగుతాయి. బెంగపడకండి. రాత్రిళ్ళు కూడా తిరుగుతాయి కాబట్టి పగలు కాస్త పలచగానే ఉంటాయి. ఇక బోర్లు. నాకున్నది ఒక్కటే. రేపట్నించి ఇంటికొకటి. మీ బోర్లకి తోడు."

"తోడా? మొత్తం తోడేస్తారు!" మాస్టారు లేచి నిలబడ్డాడు.

వెంచర్ ఆయన నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

అక్కడ మామయ్య ఆగిపోయాడు. పైకప్పు చూశాడు. మైకు చూశాడు.

"ఇంకేం కూస్తాడో! దిగిపొమ్మని సైగ చెయ్యి, త్వరగా!" భర్త పళ్ళు నూరాడు.

ఆమె గట్టిగా దగ్గింది.

మామయ్య మొహం వెలిగింది.

"ఆఁ, పాములు! ఇన్నాళ్ళూ చేలో ఎలకల్ని తింటూ నా దగ్గరే ఉన్నాయి. రేపు పొక్లెయిన్ దిగితే ఎక్కడికి పోతాయి, పాపం? గోడ ఎలాగూ పగలగొడుతున్నారు కదా. కాస్త చూసుకోండి. మంచివే."

హాలంతా కాళ్ళు కుర్చీల మీదికి లేచాయి. తర్వాత ప్రెసిడెంటు ఓటింగ్ పెడితే, చేతులు మాత్రం లేవలేదు. బేకరీ ఆంటీది కూడా.

వెంచర్ ఆయన లాప్‌టాప్ ఠపీమని మూసి బయటికి నడిచాడు.

"సార్! సార్! ఒక్క నిమిషం!" భర్త వెనకాలే పరుగు. గుమ్మం దగ్గర ఆగి ఆమె వైపు తిరిగాడు. "చూశావా? నీ వారం రోజుల కష్టం బూడిదలో పోశాడు!"

ఆమె తల దించుకుంది.

హాలు ఖాళీ అయింది. మామయ్య వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆమె నీళ్ళ సీసా మూత తీసి అందించింది. గటగటా తాగాడు. గుమ్మం వైపు ఓసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"పాముల దగ్గర కాస్త తడబడ్డాను గానీ, నువ్వు నేర్పినదాంట్లో ఇంకేమీ వదిలెయ్యలేదు కదమ్మా?"