మిస్ లొరెట్టా ఎపిసోడ్

కరకరమని చప్పుడు చేసి వీసీఆర్ ఆగిపోయింది. రఘు మూత విప్పి చూశాడు. టేపంతా తెగి, ముక్కలై, చక్రాలకు చుట్టుకుపోయింది. దాని మధ్యలో పసుపు రాసిన బియ్యపు గింజలు నాలుగు.

"గీతా! నిన్న అక్షింతలు దీనిమీద కూడా వేశావా?"

"ఆయుధపూజ కదా! నీ ల్యాప్‌టాప్, కార్ కీస్, ఇదీ, అన్నిటికీ వేశాను. టేబుల్ మీద పెట్టింది నువ్వే కదా?" గీతాంజలి వంటింట్లోంచే అంది.

పెట్టింది తనే. లోపల క్యాసెట్ ఉందని మరిచిపోయిందీ తనే.

ఆ క్యాసెట్ పక్కింటి అమెరికన్ ముసలావిడ మిస్ లొరెట్టాది. అరవై ఏళ్ళ కిందట టీవీలో రోజూ వచ్చిన ఓ దయ్యాల సీరియల్లో ఆవిడ ఒకే ఒక్క ఎపిసోడ్‌లో నటించింది. పాడుబడ్డ బంగళా, బయట ఉరుములు. తెల్లగౌను దయ్యం కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద ఆగి వెనక్కి చూడాలి. ఆ దయ్యం ఆవిడే. మెయిల్‌బాక్స్ దగ్గర రఘు దొరికినప్పుడల్లా ఆ మెట్లన్నీ మళ్ళీ దిగేది.

"శనివారానికి నాకు ఎనభై రెండు. ఆ రోజు ఈ ఎపిసోడ్ ఒక్కసారి చూసుకోవాలి రఘూ. ఇదొక్కటే కాపీ" అని క్యాసెట్ చేతిలో పెట్టింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తానని మొనగాడిలా ఒప్పుకున్నాడు.

"వెళ్ళి సారీ చెప్పెయ్" అంది గీతాంజలి.

"ఏమని? మా పూజలో మీ టేపు నలిగిపోయిందనా?"

చెప్పడానికి నోరు రాలేదు. ఏదో వంకతో ఆవిడ ఇంటికి వెళ్ళి, గోడ మీదున్న పడుచునాటి ఫోటోని దొంగచాటుగా ఫోన్‌లో తీసుకొచ్చాడు. ఆ ఫోటోతో ఆ సీన్ తయారు చేయించాలని మూడు రోజులు ఏఐ ముందు కూర్చున్నాడు. మొదటిసారి చేతికి ఆరు వేళ్ళొచ్చాయి. రెండోసారి దయ్యం దిగడం మాని మెట్లెక్కింది. చివరికి నలుపు తెలుపులో, గీతలు పడిన పాత సినిమాలా, అచ్చం ఆవిడ చెప్పినట్టే రెండు నిమిషాల ముక్క కుదిరింది. మిగతా ఎపిసోడ్ చెరిగిపోయిందన్న అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు.

శనివారం మిస్ లొరెట్టా లిప్‌స్టిక్ పూసుకుని, మంచి డ్రెస్ వేసుకుని వచ్చి రఘు వాళ్ళ సోఫాలో కూర్చుంది. రఘు రిమోట్ అందుకున్నాడు. నమ్మి ఇచ్చిన మనిషిని నట్టింట్లో కూర్చోబెట్టి మోసం చేస్తున్నాడు. చెప్పాలనుకున్న అబద్ధమైతే చెప్పాడు గానీ, ఆవిడ మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

టీవీలో ఉరుము ఉరిమింది. మెట్లు. కొవ్వొత్తి. ఆఖరి మెట్టు మీద ఆ అమ్మాయి ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

మిస్ లొరెట్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ వెయ్యి."

వేశాడు.

"ఇంకొక్కసారి."

మూడోసారికి ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చేసింది. ఇక రఘు వల్ల కాలేదు.

"మిస్ లొరెట్టా, నేను మీకొకటి చెప్పాలి. ఆ టేపు..."

"పాడైపోయింది. అంతేనా?"

రఘు తలెత్తలేదు. "మీకెలా తెలుసు?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది.

"టైమ్ సరిపోలేదని ఆ సీన్ అప్పుడే కోసేశారు రఘూ. ఆ టేపులో నాది అంటూ ఉన్నది చివర్లో వేసిన నా పేరొక్కటే. నువ్వు అదొక్కటే పెట్టలేదు."