గోడమైకు

మన కబడ్డీ జట్టువాళ్లు కూతకెళ్తే అవతలివాళ్లు నవ్వుకుంటూ కూర్చోమని కుర్చీ వేస్తున్నారని పక్కింటి అప్పలనర్సమ్మ అందట. ఆ మాట మోసుకొచ్చినందుకు నూకరాజు తన పెళ్లాం పైడితల్లిని ఓ లెంపకాయ కొట్టి, గోడమైకు ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు ఇంటింటా గోడమైకే. అభిమాని తిట్టు తిన్నగా ఆటగాళ్ల చెవుల్లో పడుతుంది. ఒకసారి ఆపితే మళ్లీ లైను దొరకడానికి వరసలో నిలబడాలని, నూకరాజు ఆరేళ్లుగా దాన్ని ఆపనే లేదు.

"థూ! మీకన్నా మా పాకలో పెయ్య నయం రా! తాడు తెంపుకునైనా గీత దాటతాది. ఓడిపోడానికి సిగ్గునేదురా?"

మొట్టమొదటిసారి గోడలోంచి కెప్టెన్ సింహాద్రి గొంతు పలికింది.

"ఆరేళ్లుగా మీ ఇంట్లో అన్నీ ఇంటన్నాం మావా. మేం ఏడుగురి మీదకెళ్లి ఓడిపోతన్నాం. నువ్వు రోజూ అత్త ఒక్కర్తి మీదే గెలుస్తన్నావు."