ఆ ఫ్రేముకి ఈ ఫోర్కే

“ఇది ఇందులో నిలవదన్నా. రోట్లో పుల్ల పెట్టినట్టుంది.”

షెర్గాజి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఫ్రేములోంచి బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. కరకోల్ ఊరి బజారు చివర, ఇనప కంటైనరులో అతని సైకిలు దుకాణం. కల్‌ముర్జా అనే పెద్దమనిషి గోనెసంచిలో చుట్టి తెచ్చిన ఆ నీలం ఫోర్కు పాత రష్యా పందెం సైకిలుది. దాని కాడ సన్నం. ఆయనతో వచ్చిన బురుల్చా అనే ఆవిడ భుజాన మోసుకొచ్చిన ఎర్ర ఫ్రేము కొత్త రకం. దాని ముందు గొట్టం వెడల్పు.

గోడకి వేలాడుతున్న ఫోర్కు ఒకటి దింపి చూపించాడు షెర్గాజి. అది ఈ ఫ్రేముకి అతికినట్టు సరిపోతుందనీ, పాత సామానే కాబట్టి ఊరికే ఇచ్చినట్టే ఇస్తాననీ చెప్పాడు. బురుల్చా దాని వంక చూడనైనా లేదు.

“ఆ ఫ్రేముకి ఈ ఫోర్కే పెట్టాలి, ఉస్తా,” అన్నాడు కల్‌ముర్జా, పనిమంతుణ్ణి పిలిచే మర్యాదతో.

“ఎవరి కోసం అన్నా, ఇంత పట్టుదల?”

“మా పిల్లల కోసం.”

పిల్లల సైకిలుకి కూడా ఇంత మొండితనమా అనుకున్నాడు షెర్గాజి. పైకి మాత్రం, ఉప్పు తిన్న గొర్రె నీళ్లు వదలనట్టు పట్టారు మీరిద్దరూ అని నవ్వాడు. వాళ్లు నవ్వలేదు.

పని మొదలుపెట్టాక అతనికీ పంతం వచ్చింది. లేత్ మీద ఇత్తడి కట్లు తిప్పించి, వెడల్పు గొట్టంలో బిగించి, వాటిలో చిన్న బేరింగు గిన్నెలు కూర్చోబెట్టాడు. కాడ నిలబడింది కానీ పొడుగు మిగిలిపోయింది, పై నట్టుకి పట్టు అందలేదు. వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఈసారి నట్టు పట్టింది గానీ హ్యాండిలు ఒక పక్క బిగుసుకుపోయింది. కట్టు ఒకటి వెంట్రుకవాసి వంకరగా కూర్చుంది. విప్పి, అరగదీసి, మళ్లీ కొట్టాడు.

వాళ్లిద్దరూ రోజూ వచ్చి కూర్చునేవారు. ఆమె లోపల పీట మీద, ఆయన బయట గడప దగ్గర. ఒకరినొకరు ‘మీరు’ అనుకునేవారు. ఆమె రొట్టె విరిస్తే ఆయన రెండు చేతులతో తీసుకుని, తల వంచి, అటు తిరిగి తినేవాడు. ఎన్నడో విడిపోయిన ఆలుమగలని షెర్గాజి తేల్చుకున్నాడు. పిల్లల కోసమైనా ఒకచోటికి వచ్చారులే అని కొంచెం మెత్తబడ్డాడు.

ఎరుపూ నీలమూ ఎబ్బెట్టుగా ఉన్నాయి, ఒకే రంగు వేసిస్తానన్నాడు. బురుల్చా గబుక్కున లేచి ఫోర్కు మీద చెయ్యి వేసింది.

“వద్దు తమ్ముడూ. ఎవరి రంగు వాళ్లకి ఉండనీ. గీతలు కూడా చెరపకు.”

చివరికి ఒక మధ్యాహ్నం, పాత సామానులోంచి చక్రాలూ బ్రేకులూ సీటూ తీసి బిగించాక, హ్యాండిలు ఎటు తిప్పితే అటు మెత్తగా తిరిగింది. షెర్గాజి ముందు బ్రేకు నొక్కి పట్టి, సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపాడు. టకటక లేదు, ఊగు లేదు.

“ఇన్నేళ్లలో ఇలాంటి అతుకు వెయ్యలేదు. ఇక ఈ రెండింటినీ విడదియ్యడం నా వల్ల కూడా కాదు,” అన్నాడు.

ఆ మాటకి కల్‌ముర్జా టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు అదిరాయి. అది సంతోషం కాబోలనుకుని షెర్గాజి, సీటు ఎత్తు సరిచేసిస్తాను, తొక్కే పిల్లల్ని ఒకసారి పంపమన్నాడు.

“తొక్కడానికి కాదు తమ్ముడూ,” అంది బురుల్చా. “కనుమ దారిలో, వాళ్లిద్దరి సైకిళ్లనీ లారీ గుద్దిన మలుపులో నిలబెడతాం.”

షెర్గాజి చేతిలోని రెంచి కింద పెట్టాడు. అలాంటప్పుడు హ్యాండిలు తిరక్కపోయినా ఫరవాలేదు కదా, ఇన్నాళ్లూ ఇంత అవస్థ ఎందుకు పడ్డారని మెల్లగా అడిగాడు.

ఆమె ఎర్ర గొట్టం మీది గీతను బొటనవేలితో నిమిరింది.

“పెళ్లి కాలేదని, ఊరివాళ్లు మా అమ్మాయినీ ఈయన కొడుకునీ పక్కపక్కన పూడ్చనివ్వలేదు.”