తనలాంటి చుక్క

"తవ్వి వాళ్ళని చేరేసరికి ఆరో రోజవుతుంది. అందాకా బతికుంటారని నీ పెట్టె చెబితేనే తవ్విస్తాను. లేదంటే ఇంకో మనిషిని లోపలికి పంపను," అన్నాడు ఇంజినీరు.

"పెట్టెకి అబద్ధాలాడటం రాదు సార్. ఆ డిపార్టుమెంటు నాది," అన్నాడు లెక్కల బాబాయ్.

గని కూలి మూడో రోజు. లోపల ఎనిమిది మంది, నాలుగు సీసాల నీళ్ళు. ఆఫీసు గదిలో కంప్యూటర్ తెర మీద, లోపల ఏం జరుగుతుందో ఊహించి వేసిన లెక్కలో, మనిషికొకటి చొప్పున ఎనిమిది చుక్కలు.

"మొదట్లో ఈ చుక్కలన్నీ పరమ పిసినారివి సార్. ఎవరి నీళ్ళు వాళ్ళే దాచుకుని విడివిడిగా చచ్చేవి. చచ్చినవాటి చోట బతికినవాటి పిల్లల్ని పెడుతూ వెయ్యి తరాలు నడిపాను. తనలాంటి చుక్క కనిపిస్తే సగం పోసే రకమే చివరికి మిగిలింది. మనవాళ్ళు ఏడుగురూ పదేళ్ళుగా ఒకే జట్టు. అందుకే వాళ్ళ చుక్కలు ఆకుపచ్చ. ఏడో రోజుదాకా లాగేస్తారు."

"ఆ పసుపు?"

"కొత్తోడు. వాణ్ణి తమవాడనుకోరు. రేపటికి..." బాబాయ్ తల గోక్కున్నాడు.

"ఏడుగురు చాలు. తవ్వుదాం." ఇంజినీరు టోపీ పెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళాడో లేదో, ఒక ఆడమనిషి తలుపు దగ్గర నిలబడింది. మూడు రోజులుగా గేటు దగ్గరే ఉంది. కళ్ళు వాచిపోయాయి.

"బాబాయ్, మావాళ్ళు ఇందులో కనిపిస్తున్నారటగా? మా ఆయనేడీ?"

బాబాయ్ కుర్చీ లాగాడు. "రా అమ్మా, కూర్చో. ఇదిగో, నడిమధ్యన పెళ్ళికొడుకులా కూర్చున్నాడు చూడు." ఒక ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టాడు.

ఆమె మొదటిసారి నవ్వింది. "అంత గుండ్రంగా ఉన్నాడేంటి?"

"నువ్వు మేపిన మేపు!"

"నా మొహం! తన డబ్బా అందరికీ పంచుతాడు. రెండు గిన్నెలు ఎక్కువ పెట్టమని నా ప్రాణం తీస్తాడు. లోపలంతా తమ్ముడూ తమ్ముడూ అంటారంట."

"మరి? అదిగో, పక్కవాడు నీళ్ళు పోస్తున్నాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెరకి దగ్గరగా జరిగింది. ఓ మూలన పసుపు చుక్క మసకబారి, ఆరిపోయింది.

"అయ్యో, అదెవరు పాపం! ఎవరూ పోయలేదే? మా ఆయనకి చెప్పు బాబాయ్, వాడికి కూడా రెండు గుక్కలు పొయ్యమని."

"చెబుతానమ్మా." బాబాయ్ ఆమె వైపు చూడకుండా మీట నొక్కాడు. ఎనిమిది చుక్కలూ మళ్ళీ వెలిగాయి.

గని కూలేనాటికి ఆమె భర్త పనిలో చేరి వారం రోజులే.